నైన్ డార్టరా, 147 బ్రేకా: ఏది కష్టం, ఎందుకు?

#1 నల్లబంతి

డార్ట్స్‌లో 501ని తొమ్మిది డార్టుల్లో ముగించడం, స్నూకర్‌లో ఒకే బ్రేక్‌లో, అంటే వంతు వదలకుండా, 147 కొట్టడం. ఆయా ఆటల్లో రెండూ అంతకు మించి లేని స్కోర్లు. టీవీలో ఏది ఎన్నిసార్లు కనబడిందన్న లెక్కతో ఈ వాదన ఎప్పటికీ తేలదు. డార్ట్స్ లెగ్ (501 నుంచి సున్నా దాకా ఒక ఆట) రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, స్నూకర్ ఫ్రేమ్‌కి (బంతులు పేర్చి ఆడే ఒక ఆట) తరచూ పావుగంట పైనే పడుతుంది. అవకాశాల సంఖ్యే వేరు. అందుకే కష్టం ఆటలో ఎక్కడ దాగుందో విడదీసి చూద్దాం.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. 501 నుంచి సున్నాకి దిగాలి. ఆఖరి డార్ట్ డబుల్‌లోగానీ (బయటి పట్టీ, అంకెకి రెండింతలు) బుల్‌లోగానీ (నట్టనడుమ చుక్క, 50) పడాలి. ఒక డార్ట్‌కి గరిష్ఠం ట్రెబుల్ 20 (లోపలి పట్టీ, అంకెకి మూడింతలు), అంటే 60. ఏడు ట్రెబుల్ 20లు, ఒక బుల్ కలిపినా 470యే, కాబట్టి ఎనిమిదిలో ముగిసే ప్రశ్నే లేదు. స్నూకర్‌లో 15 రెడ్లు (ఒక్కోటి 1), ప్రతి రెడ్ తర్వాత బ్లాక్ (7): 15 + 105 = 120. ఆపైన ఎల్లో నుంచి బ్లాక్ దాకా రంగులు 27. మొత్తం 147, వరుసగా 36 పాట్లు, అంటే 36 సార్లు బంతి పాకెట్‌లో పడాలి.

నా ఓటు 147కే. కాదనేవాళ్ళు కారణాలతో రండి.

#2 ట్రెబుల్20

నేను కాదంటాను. 36 అన్న అంకె చూసి భయపడకూడదు, ఒక్కో షాట్‌కి గురి ఎంత చిన్నదో చూడాలి.

ట్రెబుల్ పట్టీ ఎత్తు 8 మి.మీ. ట్రెబుల్ 20 గడి మధ్యలో వెడల్పు సుమారు 32 మి.మీ. వైశాల్యం కడితే 260 చదరపు మి.మీ. లోపే, మన బొటనవేలి గోరు అంత. డబుల్ పట్టీ ఎత్తు కూడా 8 మి.మీ.యే కానీ అది బయటి అంచున ఉంటుంది కాబట్టి వెడల్పు 52 మి.మీ. దాకా వస్తుంది, వైశాల్యం 417. బుల్ వ్యాసం 12.7 మి.మీ., వైశాల్యం 127 మాత్రమే. గీత నుంచి బోర్డు ముఖం 2.37 మీటర్ల దూరం. బుల్ నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తు.

అంటే ట్రెబుల్ 20 నట్టనడుమకి గురిపెడితే పైకీ కిందికీ 4 మి.మీ. చొప్పునే వెసులుబాటు. కోణంగా చూస్తే డిగ్రీలో పదో వంతు. పైగా డార్ట్ తిన్నగా పోదు, వంపుగా పోతుంది. వేగం కాస్త తగ్గినా, వేళ్ళు ఒక్క క్షణం ఆలస్యంగా విడిచినా అది సింగిల్ 20లో దిగుతుంది. చేతికి ఆనిక అంటూ ఏమీ లేదు.

స్నూకర్‌లో ఎడమ చెయ్యి బల్ల మీద ఆని ఉంటుంది, క్యూ గడ్డానికి తాకుతూ ఉంటుంది. బంతి 52.5 మి.మీ., పాకెట్ నోరు అంతకంటే మూడు సెంటీమీటర్లకు పైగా పెద్దది. ఒక్కో షాట్ పక్కపక్కన పెట్టి చూస్తే డార్ట్స్ గురే కఠినం.

#3 లెక్కలమాస్టారు

ట్రెబుల్ గారూ, డార్ట్స్ వైపు మీ లెక్క సరిగ్గానే ఉంది. స్నూకర్ వైపు మాత్రం సగంలో ఆగారు. పాకెట్ వెసులుబాటు రెడ్ బంతికి, మనం కొట్టేది తెల్ల బంతిని.

రెడ్ పాకెట్‌కి మీటరు దూరంలో ఉందనుకోండి. మధ్యగీత నుంచి అటూ ఇటూ 17 మి.మీ. తప్పు చెల్లుతుంది, అంటే రెడ్ దిశలో ఒక డిగ్రీ. తెల్ల బంతి ఆ రెడ్‌కి ఇంకో మీటరు వెనక ఉంటే, తెల్ల బంతి దిశలో జరిగిన తప్పు రెడ్ దగ్గరికి వచ్చేసరికి దూరాన్ని బంతి వ్యాసంతో భాగించినంత పెరుగుతుంది. 1000ని 52.5తో భాగిస్తే 19. ఒక డిగ్రీని 19తో భాగిస్తే మిగిలేది 0.05 డిగ్రీ. మీరు చెప్పిన డార్ట్స్ నిలువు వెసులుబాటులో సగం.

అయితే 147లో ఇలాంటి మీటరు-మీటరు షాట్లు ఎక్కువ రాకూడదు. వస్తున్నాయంటే పొజిషన్ (తర్వాతి షాట్‌కి తెల్ల బంతి నిలిచే చోటు) చెడిందనే. బ్లాక్ స్పాట్ చుట్టూ తెల్ల బంతి రెండు మూడు అడుగుల్లో తిరుగుతుంటే పాట్లు సులువే. కాబట్టి "ఒక్క షాట్ కష్టం" అన్న ప్రశ్నలో డార్ట్స్‌కే మొగ్గు, ఒప్పుకుంటాను.

ఇప్పుడు గుణకారం. మంచి ప్రొఫెషనల్ ట్రెబుల్‌ని 45 శాతం సార్లు, ఆఖరి డబుల్‌ని 40 శాతం సార్లు కొడతాడనుకుందాం. 0.45ని ఎనిమిదిసార్లు గుణించి 0.4తో గుణిస్తే 0.00067, దాదాపు 1,490 లెగ్‌లకు ఒకటి. ట్రెబుల్ శాతం 50కి పెరిగితే 640 లెగ్‌లకు ఒకటి. ఐదు శాతం తేడాకి ఫలితం రెట్టింపు కంటే ఎక్కువ మారిందని గమనించండి. పెద్ద ఆటగాళ్ళకి మిగతావాళ్ళకంటే నైన్ డార్టర్లు ఎందుకన్ని ఎక్కువో ఇక్కడే తెలుస్తుంది.

స్నూకర్‌లో పాట్ శాతం 98 అనుకుంటే 36 పాట్లకు 48 శాతం వస్తుంది. 95 అయితే 16 శాతం, 90 అయితే 44కి ఒకటి. ఈ అంకెలు నమ్మితే ప్రతి రెండో మూడో ఫ్రేమ్‌లో 147 కనబడాలి. అలా జరగడంలేదు కాబట్టి కష్టం పాట్‌లో లేదు, ఇంకెక్కడో ఉంది. ఎక్కడో చెప్పడానికి బాక్‌లైన్ లాంటివాళ్ళు రావాలి.

#4 బాక్‌లైన్

పిలిచారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, మాస్టారూ.

147లో ఆడేది 36 పాట్లు, కానీ అసలు పరీక్ష వాటి మధ్య ఉన్న 35 ప్రయాణాలది. ప్రతి పాట్ తర్వాత తెల్ల బంతి ఎక్కడ ఆగిందన్నదే తర్వాతి పాట్ శాతాన్ని నిర్ణయిస్తుంది. 98 అన్న అంకె బంతి సరైన చోట ఆగినప్పటిది. అరచెయ్యంత దూరం తేడా వస్తే అదే పాట్ 80కి, 70కి పడిపోతుంది. డార్ట్స్‌లో ఆరో డార్ట్ ఎక్కడ దిగినా ఏడో డార్ట్‌కి గీత అక్కడే, బోర్డు అక్కడే.

మొదటి అడ్డంకి రెడ్ల గుత్తి. తొలి షాట్‌కి ఒకటో రెండో రెడ్లు విడివడతాయి, మిగతావి పింక్ వెనక గుత్తిగానే ఉంటాయి. 147 కావాలంటే రంగు ప్రతిసారీ బ్లాకే కాబట్టి గుత్తిని పగలగొట్టడానికి బ్లూ మీదనుంచి వచ్చే సుళువైన దారి మూసుకుపోయినట్టే. బ్లాక్‌ని కొంచెం కోణంతో కొట్టి, తెల్ల బంతిని గుత్తిలోకి పంపాలి. బలం తక్కువైతే రెడ్లు కదలవు, తెల్ల బంతి గుత్తికి అతుక్కుని ఆగుతుంది. ఎక్కువైతే ఒకటి రెండు రెడ్లు సైడ్ కుషన్‌కి పోయి అతుక్కుంటాయి, లేదా ఒక రెడ్ వచ్చి బ్లాక్ పక్కన కూర్చుని పాకెట్ దారి మూసేస్తుంది. ఈ షాట్‌లో ఎంత నైపుణ్యమున్నా రెడ్లు ఎటు పోతాయో పూర్తిగా చేతిలో ఉండదు.

రెండోది కోణం. బ్లాక్‌కి, పాకెట్‌కి తెల్ల బంతి తిన్నగా నిలిస్తే పాట్ సులువు, కానీ తెల్ల బంతికి దారి ఉండదు. బ్లాక్ స్పాట్ టాప్ కుషన్‌కి 324 మి.మీ. దూరంలో ఉంది. బల్ల వెడల్పు 1778లో సగం 889. కార్నర్ పాకెట్ నుంచి బ్లాక్ మీదుగా గీత గీస్తే అది టాప్ కుషన్‌కి సుమారు 20 డిగ్రీల వాలుతో ఎదుటి సైడ్ కుషన్ వైపు పోతుంది. తిన్నని బ్లాక్‌కి స్క్రూ (తెల్ల బంతిని వెనక్కి తిప్పే దెబ్బ) కొడితే తెల్ల బంతి ఆ గీత మీదే వెనక్కి వస్తుంది, రెడ్లు ఉన్న నడిమధ్యకి రాదు. అందుకే కాస్త కోణం ఉంచుకుని వస్తారు. ఆ కాస్త ఎంత అన్నది ప్రతిసారీ మారుతుంది.

మూడోది పదిహేనో బ్లాక్. దాని తర్వాత ఎల్లో మీదికి రావాలి. బ్లాక్ స్పాట్‌కీ బాక్ గీతకీ (బల్ల అవతలి చివర ఎల్లో, గ్రీన్ ఉండే గీత) మధ్య దూరం 2.5 మీటర్లు. అప్పటిదాకా చిన్న చిన్న అడుగులతో తిరిగిన తెల్ల బంతిని ఒక్కసారిగా బల్ల పొడవునా నడిపించి, ఎల్లోకి సరైన పక్కన ఆపాలి. అవతలి పక్కన ఆగితే ఎల్లో పడ్డా గ్రీన్ మీదికి రావడం కష్టమైపోతుంది.

వీటన్నిటి పైన కిక్ ఉండనే ఉంది. సుద్ద పొడి రెండు బంతుల మధ్య చిక్కుకుంటే దెబ్బ సరిగ్గా తగలదు, బంతి చిన్నగా ఎగిరినట్టు కనబడుతుంది. అనుమానమొస్తే బంతి తుడవమని రిఫరీని అడగొచ్చు, కానీ రాబోయే కిక్ ముందుగా కనబడదు.

#5 ట్రెబుల్20

బాక్‌లైన్ అన్నా, చాలా బాగా రాశారు. ఒక్క మాట దగ్గర ఆగుతాను: "ఆరో డార్ట్ ఎక్కడ దిగినా ఏడో డార్ట్‌కి బోర్డు అక్కడే." ఆరూ ఏడుల మధ్య నిజమే, డార్టులు పీకేసి వస్తాం కాబట్టి. ఒకే చేతిలోని, అంటే ఒకే వంతులో వేసే, మూడు డార్టుల మధ్య నిజం కాదు.

32 మి.మీ. వెడల్పు గడిలో మొదటి డార్ట్ నడిమధ్యన దిగి, దాని తోక కిందికి వాలిందంటే రెండో డార్ట్‌కి చూపు మూసుకుపోతుంది. తోక పైకి లేచి దిగితే దాని కిందుగా దూర్చొచ్చు. రెండు డార్టులు అడ్డంగా పడితే మూడోది ఫ్లైట్‌కి (తోక రెక్కకి) తగిలి పక్కకి జారుతుంది. స్టీల్ టిప్ ఆటలో బోర్డులో నిలవని డార్ట్‌కి సున్నా, మళ్ళీ వెయ్యనివ్వరు. ఇప్పటి బోర్డుల్లో తీగ పలచనై, పిన్నులు పోయాక ఎగిరిపడడం బాగా తగ్గింది, పాత బోర్డుల్లో అదొక పెద్ద గండం.

అందుకే గడి మూసుకుపోగానే ట్రెబుల్ 19కి దిగుతారు. దిగితే లెక్క మారుతుంది. మామూలు దారి 180, 180, మిగిలేది 141. ఒక చేతిలో 19 కలిస్తే 177, అప్పుడు 180 + 177 పోను 144: ట్రెబుల్ 20, ట్రెబుల్ 20, డబుల్ 12. 18కి మారితే 174, మిగిలేది 147. ఆ అంకె ఇక్కడా తగలడం నాకు భలే నచ్చుతుంది. దానికి ట్రెబుల్ 20, ట్రెబుల్ 17, డబుల్ 18 ఒక దారి. మూడూ 19లే వేసి 171 కొడితే మిగిలేది 150: ట్రెబుల్ 20, ట్రెబుల్ 18, డబుల్ 18.

141 ముగించడంలోనూ ఎంపిక ఉంది. ఎక్కువమంది ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, డబుల్ 12 వేస్తారు. 20 పైన, 19 కింద ఎడమవైపు, 12 మళ్ళీ పైన ఎడమవైపు. ఒకే చేతిలో కన్ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పోవాలి. 1984లో జాన్ లో ఎంచుకున్నది ట్రెబుల్ 17, ట్రెబుల్ 18, డబుల్ 18. కింద కుడివైపు 17తో మొదలై, తర్వాతి రెండు డార్టులూ ఒకే ముక్కలో, లోపలి పట్టీ నుంచి బయటి పట్టీకి. ఆఖరి డార్ట్‌కి చెయ్యి దిశ మార్చుకోవాల్సిన పని లేదు. చూడ్డానికి వింత దారి కానీ దానికో తర్కం ఉంది.

#6 కొత్తక్యూ

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. నైన్ డార్టర్‌కి 3,944 దారులున్నాయని చదివాను. 147కేమో ఒక్కటే కదా, రెడ్-బ్లాక్, రెడ్-బ్లాక్. మరి దారులు అన్ని ఎక్కువ ఉన్నప్పుడు డార్ట్సే సులువు అవ్వాలి కదండీ?

#7 లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న. 3,944 సరైన అంకే. అయితే ఆ దారుల్లో ఎక్కువ భాగం ఎవరూ నడవరు.

ఆఖరి డబుల్‌ని బట్టి విడదీద్దాం. డబుల్ 12తో ముగించాలంటే ముందు ఎనిమిది డార్టుల్లో 477 రావాలి. ఎనిమిది ట్రెబుల్ 20లు 480. మూడు తగ్గాలి, అంటే ఒక్క ట్రెబుల్ 19. అది ఎనిమిదింటిలో ఎక్కడైనా పడొచ్చు కాబట్టి 8 దారులు. డబుల్ 15తో 120, డబుల్ 18తో 792, డబుల్ 17తో 56, డబుల్ 20తో 672. ఆఖరి డార్ట్ బుల్ అయ్యే దారులు 2,296. కూడితే 3,944.

సగానికి పైగా బుల్‌తో ముగుస్తాయి. బుల్ వైశాల్యం ట్రెబుల్ 20లో సగం, డబుల్‌లో మూడో వంతు కంటే తక్కువ. డబుల్ చేతిలో ఉండగా బుల్‌కి ఎవరూ పోరు. కానీ 167 మూడుసార్లు కొట్టి, అంటే ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, బుల్ అనే ముక్కని మూడుసార్లు తిప్పి ముగించడం కూడా ఒక దారి. 501ని మూడు సమానమైన ముక్కలు చేసే దారి కావడంతో చాలామంది దాన్నే అసలైన పరిపూర్ణమైన లెగ్ అంటారు. అందంగానూ ఉంటుంది. మ్యాచ్‌లో దాని కోసం పూనుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

దారులు ఎన్నున్నా ఒక్కో క్షణంలో ఆటగాడు కొట్టాల్సిన గడి ఒకటే, మూసుకుపోతే పక్కది. కాబట్టి 3,944 అన్న సంఖ్య కష్టాన్ని దాదాపు తగ్గించదు. 147కి అంకెల దారి ఒకటే నిజమే, కానీ ఏ రెడ్ ముందు, ఏది తర్వాత అన్న వరుస ప్రతి ఫ్రేమ్‌లో కొత్తది. దాన్ని అప్పటికప్పుడు కట్టుకోవాలి. డార్ట్స్‌లో దారి ముందే తెలుసు, నడవడం కష్టం. స్నూకర్‌లో దారి వెతకడం కూడా ఆటలో భాగమే.

#8 నల్లబంతి

ఇప్పుడు నా అసలు కారణం చెబుతాను. ఇంతవరకు ఎవరూ ఇటు రాలేదు.

డార్ట్స్‌లో గెలిచే దారీ పరిపూర్ణమైన దారీ ఒకటే. ట్రెబుల్ 20కి గురిపెట్టడమే లెగ్ గెలవడానికి మంచి ఎత్తు. అదే కలిసొస్తే నైన్ డార్టర్. ఆటగాడు దానికోసం వదులుకునేది ఏమీ లేదు. ప్రతి లెగ్ మొదట్లో ఇద్దరికీ తొమ్మిది డార్టుల అవకాశం తాజాగా ఉంటుంది. దాన్ని ఎదుటివాడు చెడగొట్టగలిగే మార్గం ఒక్కటే: తాను ముందు వేసే లెగ్‌లో తానే తొమ్మిదిలో ముగించడం.

స్నూకర్‌లో ఈ రెండు దారులూ విడిపోతాయి. ఎదుటివాడు ఒక్క రెడ్ వేసి తప్పినా ఆ ఫ్రేమ్‌లో మనకి 147 లేదు, 14 రెడ్లతో గరిష్ఠం 139. ముందొక చిన్న బ్రేక్ మనమే చేసి ఆగినా అంతే. అంటే ఫ్రేమ్‌లో మొదటి పాట్ నుంచే మొదలవ్వాలి. మొదలయ్యాక ప్రతి రెడ్ తర్వాత ఒక ప్రశ్న: బ్లాక్ కోణం బాగాలేదు, పింక్ నిండుగా కనబడుతోంది, ఫ్రేమ్ ఇంకా చేతికి రాలేదు, ఏం చెయ్యాలి? మ్యాచ్ గెలవాలనుకునేవాడు పింక్ తీసుకుంటాడు. అక్కడితో 147 పోయింది. ఇలా తెలిసి వదిలేసిన 147లు ఏ లెక్కలోనూ కనబడవు.

ఎదుటివాడికి అందనంత ఆధిక్యం రావాలంటే బల్ల మీద మిగిలినదానికంటే మన స్కోర్ ఎక్కువుండాలి. రెడ్-బ్లాక్‌లు పది అయితే 80, మిగిలినవి 67. తొమ్మిదైతే 72, మిగిలినవి 75. కాబట్టి పదో రెడ్ దగ్గరికి వచ్చేదాకా 147 కోసం రిస్క్ తీసుకోవడమంటే ఫ్రేమ్‌నే పణంగా పెట్టడం. ఆ తర్వాతే అది ఉచితం. అందుకే గుత్తి తొందరగా విడివడి, మొదటి ఏడెనిమిది బ్లాకులు సహజంగా దొరికిన ఫ్రేమ్‌లే 147లవుతాయి.

#9 పాతరికార్డు

చరిత్రని కూడా ఈ వాదనలోకి తెద్దాం.

స్నూకర్‌లో తొలి అధికారిక 147 జో డేవిస్‌ది, 1955 జనవరి 22న లండన్ లెస్టర్ స్క్వేర్ హాల్‌లో, విల్లీ స్మిత్ మీద. 1979లో స్లౌ పట్టణంలో జాన్ స్పెన్సర్ కొట్టినదాన్ని గుర్తించలేదు, పాకెట్లు ప్రమాణానికి సరిపోకపోవడమే కారణం. పాకెట్ కొలత ఎంత పట్టింపో ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. టీవీ టోర్నీలో తొలి అధికారిక 147 స్టీవ్ డేవిస్‌ది, 1982 జనవరి 11న ఓల్డమ్‌లో. ఎదుట ఆడింది ఆ జాన్ స్పెన్సరే. బహుమతి ఒక లాడా కారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 23న క్రూసిబుల్‌లో క్లిఫ్ థోర్బర్న్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొదటిది.

డార్ట్స్‌లో టీవీ తొలి నైన్ డార్టర్ కూడా స్లౌలోనే: జాన్ లో, 1984 అక్టోబర్ 13, ఎదుట కీత్ డెల్లర్, బహుమతి 1,02,000 పౌండ్లు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తొలిది 1990లో పాల్ లిమ్. ప్రత్యక్ష ప్రసారంలో తొలిది 2002లో బ్లాక్‌పూల్‌లో ఫిల్ టేలర్. అదే టేలర్ 2010 ప్రీమియర్ లీగ్ ఫైనల్లో జేమ్స్ వేడ్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు కొట్టాడు.

ఫైనల్స్ చూడండి. ప్రపంచ డార్ట్స్ ఫైనల్లో నైన్ డార్టర్ 2011లోనే ఏడ్రియన్ లూయిస్ కొట్టాడు. స్నూకర్ ప్రపంచ ఫైనల్లో తొలి 147 కోసం 2023 దాకా, మార్క్ సెల్బీ దాకా ఆగాల్సి వచ్చింది. థోర్బర్న్ తర్వాత నలభై ఏళ్ళు.

వందో అధికారిక 147 కూడా సెల్బీదే, 2013 డిసెంబర్‌లో. ఇప్పుడవి 200 దాటాయి. మొదటి వందకి ఆరు దశాబ్దాలకు దగ్గరగా పట్టింది, రెండో వందకి సుమారు పదకొండేళ్ళు. టోర్నీలు పెరిగాయి, క్లాత్ వేగం పెరిగింది, గుత్తిని తొందరగా పగలగొట్టే ఆట అలవాటైంది. మనవాళ్ళలో ఆదిత్య మెహతా 2014లో జర్మనీలోని ఫ్యూర్త్‌లో, పాల్ హంటర్ క్లాసిక్‌లో స్టీఫెన్ మగ్వైర్ మీద కొట్టాడు. ఆ బ్రేక్ గురించి మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదన్నది నా బాధ.

వేగం సంగతి వస్తే రానీ ఓ'సల్లివన్ 1997 క్రూసిబుల్‌లో మిక్ ప్రైస్ మీద కొట్టినదే. 5 నిమిషాల 20 సెకన్లని రికార్డుకెక్కింది, తర్వాత వీడియో చూసి లెక్కగడితే 5 నిమిషాల 8 సెకన్లేనని తేలింది.

#10 ట్రెబుల్20

ఒత్తిడి గురించి ఎవరూ రాయలేదు. డార్ట్స్‌లో కష్టం చివరిదాకా తగ్గదు, అదే నా వాదన.

మాస్టారి అంకెలతోనే చూద్దాం. ఆరు డార్టులు పడిపోయాయి, 141 మిగిలింది. 0.45 × 0.45 × 0.4 = 0.081. పన్నెండింటికి ఒకటి! రెండు 180లు కొట్టేసి, హాలంతా లేచి నిలబడ్డాక కూడా ఇంకా పదకొండు వంతులు ఓటమి వైపే. ఆఖరి డార్ట్ ఒక్కటే మిగిలినా సగం కంటే తక్కువే. స్నూకర్‌లో 120 దగ్గర, ఎల్లో మీద మంచి కోణంతో నిలిచిన అగ్రశ్రేణి ఆటగాడు ఆ ఆరు రంగులూ తీసేస్తాడనే పందెం కాస్తాం.

2023 ప్రపంచ డార్ట్స్ ఫైనల్లో ఒక్క లెగ్ చాలు. మైకేల్ వాన్ గెర్వెన్ ఎనిమిది డార్టులు తప్పు లేకుండా వేసి డబుల్ 12 తప్పాడు. వెంటనే మైకేల్ స్మిత్ తన 141 ముగించి నైన్ డార్టర్ పూర్తిచేశాడు. అదే వాన్ గెర్వెన్ 2013 ప్రపంచ సెమీఫైనల్లో వేడ్ మీద ఒక నైన్ డార్టర్ కొట్టి, తర్వాతి లెగ్‌లో మళ్ళీ ఎనిమిది వేసి డబుల్ 12 దగ్గరే ఆగాడు. పదిహేడు డార్టులు వరుసగా నూటికి నూరు! పాల్ లిమ్ కూడా 2018 ప్రపంచ పోటీలో గ్యారీ ఆండర్సన్ మీద డబుల్ 12 తప్పాడు, అరవై దాటిన వయసులో.

#11 బాక్‌లైన్

మీ లెక్క ఒప్పుకుంటాను. రంగుల దగ్గరికి వచ్చేసరికి స్నూకర్‌లో కష్టం తగ్గుతుంది, కానీ పోదు. 2000 మాస్టర్స్ ఫైనల్లో కెన్ డోహర్టీ స్పాట్ మీది ఆఖరి బ్లాక్ తప్పాడు, మాథ్యూ స్టీవెన్స్ మీద. 35 పాట్లు అయ్యాక. 2015 యూకే ఛాంపియన్‌షిప్‌లో తెప్‌చాయా ఉన్-నూ కూడా నీల్ రాబర్ట్‌సన్ మీద ఆఖరి బ్లాక్ దగ్గరే తప్పాడు. సాధన బల్ల మీద ఆ బ్లాక్ వాళ్ళు కళ్ళు మూసుకుని వేస్తారు. డార్ట్స్‌లో చేతిలో ఉన్నది తొందరగా అయిపోతుంది. స్నూకర్‌లో మొదటి రెడ్ నుంచి ఆఖరి బ్లాక్ దాకా పది నిమిషాలు ఆ ఆలోచనతోనే తిరగాలి.

పోలిక సమంగా ఉండాలంటే ఇంకో సంగతి చూడాలి. వరల్డ్ గ్రాండ్ ప్రీ అనే డార్ట్స్ టోర్నీలో లెగ్ మొదలుపెట్టడానికి కూడా డబుల్ కావాలి. అక్కడ నైన్ డార్టర్ మామూలుదాని కంటే ఎంత కష్టమో మాస్టారు చెప్పాలి.

#12 లెక్కలమాస్టారు

డబుల్‌తో మొదలై డబుల్‌తో ముగిసే దారులు 574 మాత్రమే. వాటన్నిటిలోనూ కనీసం ఒక బుల్ తప్పనిసరి. కారణం సులువు: రెండు చివర్లా డబుల్ 20లే వేస్తే 80, మధ్యలో ఏడు ట్రెబుల్ 20లు 420, మొత్తం 500. ఒక్క పాయింటు తక్కువ! ఆ ఒక్కటి కోసం బుల్‌కి పోవాల్సిందే.

2011లో డబ్లిన్‌లో బ్రెండన్ డోలన్ టీవీలో మొదటిసారి దీన్ని చేశాడు: డబుల్ 20, ట్రెబుల్ 20, ట్రెబుల్ 20తో 160, తర్వాత 180, చివరికి ట్రెబుల్ 20, ట్రెబుల్ 17, బుల్‌తో 161. 2014లో అదే టోర్నీలో వేడ్, రాబర్ట్ థార్న్‌టన్ ఒకే మ్యాచ్‌లో చెరొకటి కొట్టారు.

బుల్ 25 శాతం అనుకుంటే లెక్క ఇలా: మొదటి డబుల్ 0.4, ఏడు ట్రెబుళ్ళు 0.45 చొప్పున, చివర బుల్ 0.25. దాదాపు 2,700 లెగ్‌లకు ఒకటి. మామూలు 501కి రెట్టింపు కష్టం దగ్గరికి వచ్చింది. 147తో తూచాల్సింది దీన్నే అని నాకూ అనిపిస్తుంది.

స్నూకర్‌లో కూడా 147 పైకప్పు కాదు. ఎదుటివాడి ఫౌల్ మీద ఫ్రీ బాల్ (ఒక రంగు బంతిని అదనపు రెడ్‌గా కొట్టే అవకాశం) దొరికితే 155 దాకా లెక్క పోతుంది. 2004 యూకే ఛాంపియన్‌షిప్ క్వాలిఫయింగ్‌లో జేమీ బర్నెట్ 148 చేశాడు.

#13 కొత్తక్యూ

అందరికీ ధన్యవాదాలు. మాలాంటి క్లబ్బు ఆటగాళ్ళు ఏది ప్రయత్నించొచ్చు? సాధన ఎలా చెయ్యాలో కూడా చెప్పండి.

#14 ట్రెబుల్20

పదింటికి ఒక ట్రెబుల్, పదింటికి ఒక డబుల్ కొట్టేవాళ్ళకి నైన్ డార్టర్ వంద కోట్ల లెగ్‌లకు ఒకటి. కాబట్టి దాన్ని ముక్కలు చేసుకోండి. 141తో మొదలుపెట్టి మూడే డార్టులు, పది చేతులు. ఎన్నిసార్లు రెండో డార్ట్ దాకా బతికారో రాసుకోండి, ముగింపుని పట్టించుకోవద్దు. అది కుదిరాక 321తో ఆరు డార్టులు. ట్రెబుల్ 20లో మొదటి డార్ట్ గడి మధ్యలో కాకుండా కొద్దిగా ఎడమకో కుడికో దిగితే మిగతా రెండింటికి చోటుంటుంది, దానికోసం గీత మీద నిలబడే చోటు మార్చి చూడండి. 20 మూసుకుపోగానే 19కి దిగే అలవాటు తప్పకుండా చేసుకోండి, అడ్డున్న డార్ట్ పక్కనుంచి దూర్చాలనుకోవడమే ఎక్కువ సింగిళ్ళు తెస్తుంది.

#15 బాక్‌లైన్

స్నూకర్‌కి లైనప్ కంటే మంచిది లేదు. రంగులన్నీ స్పాట్ల మీద ఉంచి, బ్లూ-పింక్-బ్లాక్ మీదుగా పోయే మధ్యగీత మీద రెడ్లు పేర్చండి. పదిహేను వద్దు, ఐదుతో మొదలుపెట్టండి. మొదటి వారం రంగు ఏదైనా పర్లేదు, తెల్ల బంతి ఏ కుషన్‌నీ అతుక్కోకుండా ఉంటే చాలు. తర్వాత బ్లాక్ మాత్రమే అని నియమం పెట్టుకోండి, అప్పుడు కోణం విలువ తెలుస్తుంది. 70 శాతం పాట్ చేసేవాళ్ళకి పొజిషన్ ప్రతిసారీ కుదిరినా 36 పాట్లు వరుసగా పడడం దాదాపు 3,77,000కి ఒకటి, కాబట్టి స్కోర్ చూడొద్దు.

విడిగా ఇంకొకటి రోజూ చెయ్యండి: బ్లాక్ స్పాట్ మీద, ఎల్లో స్పాట్ మీద, మధ్యలో ఏమీ లేదు. తెల్ల బంతిని బ్లాక్‌కి పావు వంతు కోణంలో చేత్తో పెట్టి, బ్లాక్ వేసి ఎల్లో మీదికి రండి. ఇరవై సార్లలో ఎన్నిసార్లు ఎల్లోకి సరైన పక్కన ఆగిందో చూడండి. తక్కువైతే బలం పెంచకండి, తెల్ల బంతిని పెట్టే కోణాన్ని కొంచెం కొంచెం మార్చి చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.